పన్నుకింత అనే లెక్క ఇక వద్దు: సొంత క్లినిక్‌లు నడుపుతున్న దంత వైద్యులకు బహిరంగ లేఖ

సీనియర్ దంత వైద్యులకు, తోటి క్లినిక్ యజమానులకు నమస్కారాలు.

కిందటి నెల ఒకనాటి రాత్రి పదిన్నరకు నా ఫోనుకు ఒక ఎక్స్‌రే వచ్చింది. చదువు ముగిసిన కొత్తలో నా దగ్గర ఏడాదిన్నర పనిచేసి వెళ్ళిన అమ్మాయి పంపింది. ఇప్పుడు వేరే క్లినిక్‌లో వాటా పద్ధతి మీద పనిచేస్తోంది. ఎక్స్‌రేలో ఉన్నది కింది దవడలో మొదటి పెద్ద దంతం, అందులో ఎప్పటిదో పాత ఫిల్లింగ్. అంచులు బిగువుగా ఉన్నాయి, అడుగున పుచ్చు నీడ లేదు, వేళ్ళ కొసల దగ్గర ఎముక చక్కగా ఉంది. కింద ఒక్క వాక్యం రాసింది: "సర్, దీనికి క్యాప్ వేయవచ్చంటారా?"

వెంటనే ఫోను చేశాను. ఆ పంటికి ఏమీ చేయనక్కర్లేదని ఆమెకు తెలుసు. నేను అడగకముందే తనే చెప్పింది. నెల ముగియడానికి నాలుగు రోజులుంది, ఆమె పేరు మీద పడవలసిన క్యాపులకు ఇంకా మూడు తక్కువ. ఆ ఉదయమే యజమాని డాక్టర్లందరి పేర్ల ఎదుట అంకెలు వేసి గోడ మీద బోర్డు పెట్టారట. "వద్దని మీరొక్క మాట అనండి సర్, రేపు పేషెంటుకు ధైర్యంగా చెబుతాను" అంది. ఏళ్ల తరబడి చదివి పట్టా పుచ్చుకున్న డాక్టరు, ఒక మంచి పంటిని ముట్టుకోకుండా వదిలేయడానికి ఎవరిదో అనుమతి వెతుక్కోవలసి వచ్చింది. నేను వద్దనే చెప్పాను. ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం అప్పుడే మొదలుపెట్టాను.

నేను బయటి మనిషిని కాను. ఇరవై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను. మొదటి ఆరేళ్ళు వాటాల మీద బతికాను. సొంత క్లినిక్ పెట్టుకున్నాక నా దగ్గర చేరిన పిల్లలకు నాలుగేళ్ళు అదే వాటా పద్ధతి అంటగట్టాను. కనుక ఇక్కడ అడుగుతున్నవి నన్ను నేను ముందు అడిగిన ప్రశ్నలే.

వాటా పద్ధతి అంటే ఏమిటో మనకు తెలుసు కానీ, ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులకూ విద్యార్థులకూ తెలియకపోవచ్చు. జూనియర్ డాక్టరుకు నెల జీతం ఉండదు. తను చేసిన పనికి పేషెంటు కట్టిన డబ్బులో ముందు ల్యాబ్ ఖర్చు తీసేస్తారు, మెటీరియల్ ఖర్చు తీసేస్తారు, మిగిలిన దాంట్లో ఇంత శాతమని ఇస్తారు. పేషెంటు రాకపోతే ఆ పూట సంపాదన లేదు. ఉదయం నుంచి రాత్రి దాకా క్లినిక్‌లోనే కూర్చున్నా కూర్చున్న గంటలకు విలువ లేదు. దవడ ఎముకలో నాటే ఇంప్లాంట్లు, పళ్ళకు వేసే క్లిప్పులు సీనియర్లు చూసుకుంటారు. గార తీసే స్కేలింగులు, ఫిల్లింగులు, పళ్ళు తీయడం జూనియర్లకు మిగులుతాయి. వేసిన క్యాప్ మూడు నెలలకు ఊడి వస్తే తిరిగి చేసే ఖర్చు జూనియర్ వాటాలోంచి పోతుంది, అది ల్యాబ్ పొరపాటైనా సరే. ఇవేవీ కాగితం మీద ఉండవు. అంతా నోటిమాట. అడిగితే మర్యాద కాదేమోనని మొహమాటం, అడక్కపోతే పూట గడవదు.

ఈ లెక్కలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఒకటుంది. డాక్టరు నోరు విప్పి "మీ పంటికి ఏమీ అవసరం లేదు, ఇలా తోముకోండి, ఆరు నెలలకు రండి" అని పావుగంట కూర్చుని చెబితే అతనికి వచ్చేది సున్నా. డ్రిల్లు పట్టుకుంటేనే డబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఫ్లోరైడ్ టూత్‌పేస్టునూ, సిల్వర్ డైఅమైన్ ఫ్లోరైడ్‌నూ, ఫిల్లింగుకు వాడే గ్లాస్ అయనమర్ సిమెంటునూ చేర్చింది. సిల్వర్ డైఅమైన్ ఫ్లోరైడ్ చుక్కను చిన్న బ్రష్షుతో పుచ్చు మీద పూస్తే చాలా సందర్భాల్లో ఆ పుచ్చు అక్కడితో ఆగిపోతుంది. మచ్చ నల్లబడుతుంది, నిజమే. కానీ సూది లేదు, డ్రిల్లు లేదు, డెంటల్ చైర్ చూస్తేనే ఏడ్చే పసిపిల్లకు భయం లేదు. మన క్లినిక్‌లలో ఎంతమంది జూనియర్లు దాన్ని వాడుతున్నారు? వాడితే వారి వాటా ఎంత పడుతుంది? సమాధానం మీకూ నాకూ తెలుసు.

డబ్బు లెక్క వైద్యాన్ని ఎటు వంచితే అటు వంగుతుందనడానికి ఇంగ్లండ్ అనుభవం ఉంది. అక్కడ 2006లో ప్రభుత్వ దంత వైద్యానికి కొత్త ఒప్పందం వచ్చింది. చికిత్సలను మూడు శ్రేణులు చేసి, డాక్టరుకిచ్చే డబ్బు లెక్కకు ఒక్కో శ్రేణికి ఇన్ని యూనిట్లని నిర్ణయించారు. ఒక పంటికి ఫిల్లింగ్ చేసినా, అదే విడతలో ఆరు పళ్ళకు చేసినా, గంటన్నర కూర్చుని రూట్ కెనాల్ చేసినా వచ్చేది 3 యూనిట్లే. నోరంతా పాడైన మనిషిని చేర్చుకుంటే నష్టమేనని అక్కడి డాక్టర్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. చివరికి 2022లో సవరించి, మూడు పళ్ళకో, అంతకంటే ఎక్కువ పళ్ళకో చేస్తే కాస్త ఎక్కువ, దవడ దంతానికి రూట్ కెనాల్ చేస్తే ఇంకాస్త ఎక్కువ యూనిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కడ లెక్క వల్ల చేయవలసిన పని ఆగిపోయింది. మన వాటా లెక్క వల్ల చేయనక్కర్లేని పని జరుగుతోంది. రెండు చోట్లా నష్టపోయింది కుర్చీలో నోరు తెరిచి పడుకున్న మనిషే.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

ఉద్యోగంలో చేరి రెండో ఏడు. ఆ రోజు అప్పటికి ఏడుగురు పేషెంట్లు అయిపోయారు, ఎనిమిదో ఆయనకు పై దవడ రెండో పెద్ద దంతంలో రూట్ కెనాల్. ఈ పని చేసేవారికి ఆ పన్ను పేరు చెబితే చాలు, మెడ దానంతటదే పట్టేస్తుంది. బుగ్గ అడ్డం, నాలుక అడ్డం, అద్దం మీద ఊపిరి ఆవిరి. నాకు అసిస్టెంటు లేడు. ఉన్న ఒక్క అమ్మాయి రిసెప్షన్ చూస్తూ, మధ్యలో పరికరాలు కడుగుతూ, అవతల యజమాని గదిలో ఇంప్లాంటుకు సాయం చేస్తోంది. ఎడమ చేతి రెండు వేళ్ళతో అద్దం, మిగిలిన వేళ్ళతో ఉమ్మినీ నీళ్ళనీ లాగేసే సక్షన్ గొట్టం, కుడి చేతిలో పంటి వేరు కాలువను శుభ్రం చేసే సూదిలాంటి ఫైలు. ఈ పంటికి ముప్పావుగంట ఇచ్చారు, తర్వాతి మనిషి వచ్చి బయట కూర్చున్నాడు. అప్పటికే చాలాసార్లు వాడిన ఫైలది. కొత్తది తీస్తే ఆ ఖర్చు నా వాటాలో కోస్తారు. కాలువ వంపులో అది చిన్నగా పట్టుకున్నట్టు తోచింది. ఆగి, బయటికి తీసి, సన్నని ఫైలుతో దారి సరిచేసుకుని మళ్ళీ వెళ్ళవలసింది. ఆగలేదు. బయటికి తీసి చూస్తే ఫైలు కొస నాలుగు మిల్లీమీటర్లు లేదు.

ఫైలు విరగడం ఎంత చేయి తిరిగినవాడికైనా జరగవచ్చు. పేషెంటుకు చెప్పాలి, ఎక్స్‌రేలో చూపించాలి, ఏం చేయవచ్చో మాట్లాడాలి, అవసరమైతే స్పెషలిస్టు దగ్గరికి పంపాలి. ఇది పాఠంలోనే ఉంది. నేను యజమాని దగ్గరికి వెళ్ళి చెప్పాను. "దాని మీదనే సీల్ చేసెయ్, ఏమీ చెప్పకు" అన్నారు. అలాగే చేశాను. ఆ పెద్దమనిషి నాకు రెండు చేతులూ జోడించి వెళ్ళాడు. ఏడు నెలలకు చెంప వాచి వచ్చాడు, పన్ను తీయవలసి వచ్చింది. తీసింది కూడా నేనే. అప్పుడూ చెప్పలేదు. ఆ ఏడు చేసిన వందల పనుల్లో నాకు స్పష్టంగా గుర్తున్న ముఖం ఆయనది ఒక్కటే.

తప్పు నాది. దాన్ని ఆ యజమాని మీదికో, ఆ పద్ధతి మీదికో నెట్టివేయను. కానీ ఆ రోజు నా పక్కన అసిస్టెంటు ఉండి, చేతిలో ఇంకో అరగంట ఉండి, కొత్త ఫైలు తీస్తే జీతం తెగదని తెలిసి ఉంటే నేను ఆగేవాణ్ణి. ఈ మూడూ యజమాని చేతిలో ఉన్నవి. ఇప్పుడు మీ చేతిలో, నా చేతిలో ఉన్నవి.

అసిస్టెంటు గురించి మాట్లాడితే కొందరు అదేదో విలాసం అనుకుంటారు. గాలితో తిరిగే డ్రిల్లు, ఎయిరోటర్, వచ్చింది 1957లో. అమెరికాలో జాన్ బోర్డెన్ తయారుచేసిన ఆ టర్బైన్ నిమిషానికి 3 లక్షల చుట్ల వరకు తిరిగేది. అంతకుముందు చాలాసేపు పట్టే కోత నిమిషాల్లోకి వచ్చేసింది, దాంతో పాటు నీళ్ళ జల్లు, తుంపర, సక్షన్ అవసరం కూడా వచ్చాయి. ఆ తర్వాతి ఏళ్ళలోనే డాక్టరు నిలబడటం మాని కూర్చుని, పక్కన అసిస్టెంటుతో కలిసి నాలుగు చేతులతో పనిచేసే పద్ధతి స్థిరపడింది. కాలేజీల్లో అదే నేర్పుతారు. అంటే అరవై ఏళ్ల నాడే తేలిపోయిన విషయాన్ని మనం ఒక మనిషి జీతం మిగుల్చుకోవడానికి పక్కన పెట్టేశాం. ఫలితం ఆ జూనియర్ మెడలో, నడుములో, కుడి మణికట్టులో తేలుతుంది. ముప్పై ఏళ్ళు నిండకుండానే మెడకు పట్టీ కట్టుకుని పనిచేసే డాక్టర్లను మీరు చూడలేదా? నొప్పిని పంటి బిగువున భరించడమే వృత్తి ధర్మమని వాళ్ళకు మనమే నేర్పాం. కూర్చునే స్టూలు ఎత్తు సరిచేసుకోవడానికి వీలులేని క్లినిక్‌లో రోజుకు పది గంటలు వంగి ఉండమనడం వైద్యుడు వైద్యుడికి చేయవలసిన పని కాదు.

గాలి సంగతి కూడా చెప్పాలి. 2018లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఒక నివేదిక వెలువరించింది. వర్జీనియాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో 1996 నుంచి 2017 దాకా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకు చికిత్స పొందిన 894 మందిలో 9 మంది దంత వైద్యానికి చెందినవారు, ఎనిమిది మంది డాక్టర్లు, ఒక టెక్నీషియన్. వారిలో ఏడుగురు చనిపోయారు. కారణం ఇదేనని ఆ నివేదిక తేల్చలేదు. అయినా పళ్ళ తొడుగులు, కట్టుడు పళ్ళు అరగదీసేటప్పుడు లేచే దుమ్మును మాస్కు లేకుండా పీల్చిన ప్రతి ఒక్కరికీ ఆ తొమ్మిది అంకె గుండెలో గుచ్చుకోవాలి. మంచి మాస్కుకు, బలమైన సక్షన్‌కు ఎంత ఖర్చవుతుందో మనకు తెలుసు.

సూది గుచ్చుకోవడం మరీ సాధారణమైపోయింది. హెపటైటిస్ బి టీకా వేసుకోని వ్యక్తికి, వైరస్ ఎక్కువగా ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే జబ్బు సోకే అవకాశం నూటికి 30 దాకా ఉంటుంది. హెపటైటిస్ సికి టీకాయే లేదు. జూనియర్ డాక్టరుకు సరే, పరికరాలు కడిగే అమ్మాయికి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో మీలో ఎంతమంది అడిగారు? నేను నా క్లినిక్ పెట్టిన మూడో ఏడు దాకా అడగలేదు. చెప్పడానికే సిగ్గుగా ఉంది.

"మేమూ ఇలాగే పైకొచ్చాం" అంటారు మనలో చాలామంది. వచ్చాం. కానీ మనం పట్టా తీసుకున్న రోజుల్లో చిన్న గది అద్దెకు తీసుకుని, ఒక చైర్ వేసుకుని, బోర్డు పెట్టుకుంటే బతకగలమన్న ధీమా ఉండేది. ఇప్పటి పిల్లలకు చదువు అప్పుతో మొదలవుతుంది. ఎక్స్‌రే యంత్రం, పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్, స్కానర్ అన్నీ కొనాలంటే మరో అప్పు. పక్కనే పదహారు శాఖలున్న క్లినిక్‌ల గొలుసు ఒకటి ఉంటుంది. అందుకే వాళ్ళు మన గుమ్మంలో నిలబడుతున్నారు. అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కున్నవాళ్ళతో కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఇష్టపూర్వకమైనదని అనుకోవడం మన మనస్సాక్షిని జోకొట్టడమే. 2020 వసంతంలో అనేక దేశాల్లో క్లినిక్‌లు వారాల తరబడి మూతపడ్డప్పుడు వాటాల మీద ఉన్నవాళ్ళకు రాబడి ఒక్కసారిగా ఆగిపోయింది. వాళ్ళను మనం పిలిచింది మాత్రం భాగస్వాములని.

దంత వైద్యులు ఎక్కువైపోయారు, అందుకే ఈ గతి అనే మాట కూడా వింటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులతో ఉన్నవారు దాదాపు 350 కోట్ల మంది, ప్రతి నలుగురిలో ముగ్గురు అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనే ఉన్నారు. ఇంత జబ్బు ఉండగా డాక్టర్లు ఎక్కువయ్యారని ఎలా అంటాం? ఎక్కువైంది డబ్బు కట్టగలిగిన పేషెంట్ల చుట్టూ గుమిగూడిన డాక్టర్లు. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో మొట్టమొదటి దంత వైద్య కళాశాల వైద్య కళాశాలకు వేరుగా మొదలైంది. ఆ వేరుపాటు మనకు స్వతంత్రమైన వృత్తినిచ్చింది, దాంతో పాటే నోటిని శరీరం నుంచి విడదీసి చూసే అలవాటునూ ఇచ్చింది. చాలాచోట్ల బీమా పత్రాల్లో పంటికి చోటు ఉండదు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో దంత వైద్యుల పోస్టులు అరకొర. మన సంఘాలు ఏటా సదస్సుల్లో కొత్త ఇంప్లాంట్ల గురించి గంటలు గంటలు మాట్లాడతాయి. ప్రభుత్వ పోస్టుల కోసం, పాఠశాలల్లో జీతం మీద పనిచేసే దంత వైద్యుల కోసం ఒక పూట కేటాయించమని అడిగే హక్కు సభ్యులుగా మనకుంది. అడుగుదాం. కానీ అది తేలేసరికి ఏళ్ళు పడుతుంది, మన క్లినిక్‌లో మార్పు సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు.

నేను మార్చి తొమ్మిదేళ్ళయింది. నా దగ్గర చేరిన డాక్టరుకు మొదటి రోజే సంతకాలు చేసిన కాగితం ఇస్తాను. నెల జీతం ఇంత, పేషెంట్లు వచ్చినా రాకపోయినా. ఏడాది చివర క్లినిక్ మొత్తం మీద మిగిలిన దాంట్లో అందరికీ భాగం ఉంటుంది, ఎవరి పేరు మీద ఎన్ని క్యాపులు పడ్డాయన్న లెక్క ఉండదు. దవడ దంతానికి రూట్ కెనాల్ అంటే కనీసం గంటన్నర, పక్కన అసిస్టెంటు. అసిస్టెంటు రాని రోజున ఆ పని మరో రోజుకు మారుతుంది. తిరిగి చేయవలసిన పని ఖర్చు క్లినిక్‌దే. సూది గుచ్చుకుంటే పరీక్షలూ మందులూ క్లినిక్ చూసుకుంటుంది. వెళ్ళిపోయాక దగ్గరలో సొంత క్లినిక్ పెట్టకూడదన్న షరతు లేదు. "ఈ పంటికి చికిత్స అవసరం లేదు" అని డాక్టరు రాస్తే దాన్ని యజమాని మార్చకూడదన్న వాక్యం మొదటి పేజీలోనే ఉంటుంది.

మొదటి ఏడాది నా రాబడి బాగా తగ్గింది. ఈ మాట దాచడం లేదు. నా భార్యకూ నాకూ మధ్య ఆ ఏడు ఈ విషయం మీద చాలాసార్లు వాదన జరిగింది. రెండో ఏడు కాస్త కోలుకుంది, మూడో ఏటికి పాత స్థాయికి వచ్చింది. ఊడి వచ్చే క్యాపులు తగ్గాయి. ఆరు నెలలకొకరు మారే చోట ఇప్పుడు డాక్టర్లు మూడేళ్ళు, నాలుగేళ్ళు ఉంటున్నారు. మీ క్లినిక్‌లోనూ ఇలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను. ఒక్క చైర్‌తో, అద్దెతో, అప్పుతో సతమతమవుతున్న యజమానులూ మనలో ఉన్నారు. వారిని అన్నీ ఒకేసారి చేయమనడం లేదు. ముందుగా ఆ బోర్డు గోడ మీది నుంచి తీసేయండి. తర్వాత పక్కన ఒక అసిస్టెంటును నిలబెట్టండి. జీతం సంగతి ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోండి, జూనియర్లను కూడా కూర్చోబెట్టి.

ఎక్స్‌రే పంపిన అమ్మాయి మర్నాడు పేషెంటుకు క్యాప్ అవసరం లేదని చెప్పింది. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడట. నెలాఖరున ఆమె అంకెకు ఇంకా మూడు తక్కువగానే ఉన్నాయి. యజమాని ఏమన్నారో ఆమె చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ఆ యజమాని ఈ ఉత్తరం చదివితే, ఆయనతో నాకు ఏ పగా లేదు. పద్దెనిమిదేళ్ళ కిందట నేను పనిచేసిన చోటు ఎలా ఉండేదో, నా క్లినిక్ మొదటి నాలుగేళ్ళు ఎలా ఉండేదో ఆయన క్లినిక్ ఇప్పుడు అలా ఉంది, అంతే.

నా ఒప్పందపత్రం ఎవరడిగినా ఇస్తాను. అంకెలు మీకు తగినట్టు మార్చుకుని, మీ జూనియర్‌కు చదివి వినిపించి, సంతకం చేసి ఒక ప్రతి వారి చేతికి ఇవ్వండి.

ఇట్లు,
మీలో ఒక దంత వైద్యుడు